ఎర్రచుక్క సెల్లు, నీలిచుక్క సెల్లు

కాస్త ఇటు జరిగి, గోడకు వీపు ఆనించి హాయిగా కూర్చోండి. చేతిలో పనుంటే మానక్కర్లేదు, చిక్కుడుకాయలు ఒలుస్తూ కూడా వినొచ్చు. ఈ ఉదయం మా అమ్మాయి కాలేజీకి పోయే ముందు కిటికీ దగ్గర కూర్చుని గోళ్లరంగు సీసా మూత తీసింది. ఆ ఘాటు వాసన వంటింట్లో పప్పుకు తాలింపు వేస్తున్న నా దాకా వచ్చింది. ఆ వాసనకు వేరే ఆడవాళ్లకు పెళ్లిళ్లు, పేరంటాలు గుర్తుకొస్తాయేమో. నాకు మాత్రం పోచమ్మ మైదాన్ సందులోని ఒక రేకుల షాపు కనిపిస్తుంది. అందులో కళ్లద్దాలు ముక్కు కొసకు దించుకుని, గోళ్లరంగు కుంచెతో బ్యాటరీ సెల్లు మీద చుక్క పెడుతున్న తెల్లగడ్డం మనిషి కనిపిస్తాడు. ఆయన పేరు యాకూబ్. బజారంతా ఉస్తాద్ అనేది. నేను చాచా అనేదాన్ని. తాలింపు మాడిపోయింది గానీ, ఆ మనిషి గురించి మీకు చెప్పకపోతే ఈ రోజు నాకు గడవదు.

నేను ఐదో తరగతి దాకానే చదివాను. పత్తి మిల్లులో పని చేస్తూ చేస్తూ ఆ దూదిదుమ్ముకు ఆయాసం పట్టుకుంటే మానేసి ఇంట్లో కూర్చున్న రోజులవి. మా బాపు చేనుకు మందు కొట్టే వీపు పంపు ఆగిపోతే, దాన్ని గోనెసంచిలో వేసుకుని చాచా షాపుకు పోయాను. ఆయన పంపును చూడకుండా నన్ను చూసి, "ఎట్ల ఆగింది బిడ్డా?" అని అడిగాడు. "ముందుగాల బరబరమన్నది చాచా. తర్వాత సన్నగ కీచుమన్నది. జరసేపు ఆగి మళ్ల తిరిగింది. మూడోసారి కీచుమని, ఇగ లేవలె" అన్నాను. ఆయన కళ్లద్దాలు పైకి జరుపుకున్నాడు. "గివన్నీ యాదున్నయా నీకు?" "యాదుండక ఏం చాచా, నిన్ననే కదా." "సదువుకున్న పోరగాళ్లను ఇద్దర్ని పెట్టుకున్న. అన్నీ కాయితం మీద రాసుకుంటరు, ఆ కాయితం పారేసుకుంటరు. నువ్వు రేపటిసంది వస్తవా?" అన్నాడు. పంపు బాగుచేయించుకోవడానికి పోయిన దాన్ని పని దొరికించుకుని వచ్చాను.

ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే రైతులందరూ పంపులు తెచ్చేది ఆయన దగ్గరికే. పాత బరువు బ్యాటరీలు తీసేసి, బొటనవేలి లావున్న సెల్లులు మూడు కలిపి కొత్త బ్యాటరీ కట్టేవాళ్లం. ఒకదాని తల ఇంకొకదాని కాలికి తగిలేలా వరుసగా కలపడం సిరీస్. తలలన్నీ ఒకవైపు, కాళ్లన్నీ ఒకవైపు పెట్టి పక్కపక్కన కలపడం ప్యారలల్. ఈ రెండింటి తేడా చాచా మాటల్లో చెప్పలేదు. మొదటివారం ఒకనాడు చిన్న టార్చి బల్బు తెచ్చి, రెండు సెల్లులను వరుసగా కలిపి వెలిగించాడు. సందంతా తెల్లబడేంత వెలుగు వచ్చింది, నేను చప్పట్లు కొట్టబోయేలోపు టప్పుమని మాడిపోయింది. ఇంకో బల్బు తెచ్చి అవే సెల్లులను పక్కపక్కన కలిపాడు. మామూలు వెలుగే. దాన్ని అట్లాగే వదిలేశాడు. సాయంత్రం షట్టర్ దించేటప్పుడు కూడా అది వెలుగుతూనే ఉంది. "ఏది మంచిదే?" అని అడిగాడు. "రెండోదే" అన్నాను. "మరి పంపుకు రెండోది పెడితే మోటరు లేస్తదా?" అన్నాడు. లేవదు. దానికి బలం కావాలి. "గందుకే, ఏది మంచిదని నన్ను ఎవడన్న అడిగితే, ముందు ఆ సామాను తెచ్చి చూపియ్యమంట" అని నవ్వాడు.

ఇక ఆ గోళ్లరంగు సంగతి. ఒకే రోజు కొని, ఒకే పెట్టెలోంచి తీసిన సెల్లులకు ఆయన ఒకే రంగు చుక్క పెట్టేవాడు. ఎర్రచుక్కది ఎర్రచుక్కదానితోనే పనికి పోవాలి, దానితోనే ఛార్జింగ్‌కు పోవాలి, ముసలివైతే అన్నీ కలిసే మూలకు పోవాలి. "కొత్తదాని పక్కన అలిసినదాన్ని కట్టినవనుకో, కొత్తది ఉరుకుతాంటే అలిసినదాని పానం పోతది" అనేవాడు. మొదట్లో ఆ సీసాలు కొనడానికి గాజుల దుకాణానికి తానే పోతే, దుకాణం ఆమె "ఏంది ఉస్తాద్, గడ్డం తెల్లబడ్డంక రెండో నిఖానా?" అందట. అప్పటి నుంచి ఆ పని నాకు పెట్టాడు. ఇంకో నియమం కూడా ఉండేది. కట్టిన ప్రతి బ్యాటరీకి ఆకుపచ్చని చిన్న బోర్డు అతికేవాళ్లం. మోటరు మరీ ఎక్కువ లాగినా, తీగలు ఒకదానికొకటి తగిలినా అది కరెంటు ఆపేస్తుంది. చాచా దాన్ని చౌకీదార్ అనేవాడు. నేను ఏడాది తిరిగేసరికి రోజుకు పది బ్యాటరీలు కట్టేదాన్ని. అన్నీ వరుసవే, అన్నీ చౌకీదార్ ఉన్నవే. పంపు నీరసంగా తిరుగుతోందని ఎవరైనా వస్తే, ఇంకో సెల్లు వరుసలో చేర్చడమే మందు. ఆ మందు నా చేతికి ఎంత అలవాటైపోయిందంటే, చెయ్యి ముందు పోయేది, ఆలోచన దాని వెనుక వచ్చేది.

నాకు ఒక్కడే తమ్ముడు, సమ్మయ్య. మేడారం తల్లులకు మొక్కుకుంటే పుట్టామని నాకు సారక్క అని, వాడికి సమ్మయ్య అని పేర్లు పెట్టారు. వాడు ట్రాలీ ఆటో నడుపుతాడు. రోజుకు పెట్టె సిగరెట్లు కాల్చి, రాత్రంతా దగ్గేవాడు. ఒక శుక్రవారం మధ్యాహ్నం, చాచా నమాజుకు పోయిన సమయంలో, ఆటో సందు మొదట్లో ఆపి షాపులోకి వచ్చాడు. చేతిలో అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్ద ఇనుప డబ్బా ఉంది, దాని నెత్తిన ఒక గొట్టం.

"అక్కా, జర గిది చూడు."

"ఏందిరా, అగర్‌బత్తి పెట్టెనా?"

"పొగ పెట్టె. కరెంటు సిగరెట్ అన్నట్టు. దుబాయి నుంచి దోస్తు తెచ్చిండు. ఈడ అమ్మనియ్యరట. సిగరెట్లు బందు పెడదామని తీసుకున్న."

"సిగరెట్లు బందు పెట్టి పెట్టె తాగుతవా? మంచిగున్నది నీ బందు."

"నీకు దండం పెడ్త, నీతులు ఇంట్ల బగ్గ ఇంటాన. నువ్వు కరెంటు సంగతి చూడు. పొగ సన్నగ వస్తాంది. దోస్తుది ఇంజను లెక్క కొడతాంది. సిరీస్ చేపియ్యమన్నడు."

డబ్బా విప్పాను. లోపల రెండు సెల్లులు పక్కపక్కన నిలబడి ఉన్నాయి, రెండూ తల పైకే. ఒక బటన్, ఒక లావు తీగ, గొట్టంలో దూది చుట్టూ స్ప్రింగులాంటి చుట్ట. అంతే. చౌకీదార్ లేదు. లేదని నా కళ్లకు కనిపించింది కూడా. కానీ నీరసంగా ఉన్న సామాను ఎదురుగా ఉంది, చేతికి మందు తెలుసు. తమ్ముడి ముందు అక్క గొప్పతనం చూపించే అవకాశం కూడా దొరికింది. వాడి సెల్లుల తొడుగులు చినిగి ఉన్నాయని తీసి పారేశాను. చాచా ట్రేలో జతలుగా మిగిలిన సెల్లుల్లోంచి చేతికందిన రెండు తీశాను. ఒకటి ఎర్రచుక్కది, ఒకటి నీలిచుక్కది. మీటరు పెడితే రెండూ బాగానే చూపించాయి, సరిపోతుందిలే అనుకున్నాను. పై రేకు కత్తిరించి, కింద రెండింటినీ కలుపుతూ రేకు అతికి సిరీస్ చేసేశాను. సెల్లులు పెట్టి చూస్తే మీటరు రెట్టింపు చూపించింది. అక్కడే వెలిగించి చూద్దామంటే, పొగ కోసం గొట్టంలో పోసే మందు సీసా ఆటోలో ఉందని, పొడిగా నొక్కితే దూది మాడుతుందని అన్నాడు. పరకాలకు ఎరువు బస్తాలు దించాలి, సేటు తిడతాడని తొందరపెట్టాడు. జేబులో బటన్ నొక్కుకుపోతుందేమోనని సెల్లులు బయటకు తీసి కాగితంలో చుట్టి ఇచ్చాను. "ఒకటి తల పైకి, ఒకటి తల కిందికి. మర్చిపోకు" అని రెండుసార్లు చెప్పాను. "గింత చెప్పాల్నా, నేనేమన్న చిన్న పోరన్నా?" అంటూ పోయాడు.

చాచా నమాజు నుంచి వచ్చి, టోపీ మడిచి జేబులో పెట్టుకుంటూ ట్రే వైపు చూశాడు. "ఎర్రదాని జత ఏదే? నీలిదాని జత యాడపోయింది?" అన్నాడు. ఆ ఒక్క క్షణం గురించి మీకు దాచకుండా చెప్పాలి. ఒక అబద్ధం నా నాలుక మీదికి వచ్చి కూర్చుంది. ఎవరో రైతు అర్జెంటని తీసుకుపోయాడంటే ఎవరు చూడొచ్చారు? ఇంత చిన్నదానికి చాచా దగ్గర చిన్నబోవడం దేనికి అనిపించింది. ఆయన మాత్రం నా ముఖం వైపు చూడకుండా, మిగిలిన ఆ రెండు ఒంటరి సెల్లులను ఒకదాని పక్కన ఒకటి సర్దుతున్నాడు. ఎందుకో ఆ చేతులు చూస్తుంటే అబద్ధం రాలేదు. జరిగినదంతా చెప్పేశాను.

"చౌకీదార్ ఉన్నదా దాంట్ల?"

"లేదు చాచా."

"చుట్ట తీగ ఎట్లున్నది? సన్నగనా, లావుగనా?"

"లావే. మూడు నాలుగు చుట్లే ఉన్నయి."

ఆయన తిట్టలేదు. సోల్డర్ కడ్డీ ప్లగ్గు పీకాడు, స్కూటర్ తాళంచెవి తీసుకున్నాడు. "ఫోన్ చెయ్యి. ముట్టుకోవద్దని చెప్పు" అన్నాడు. చేశాను. మోగింది, మోగింది, ఆగిపోయింది. వాడు ఆటోలో పాటల డబ్బా పెట్టుకుంటే పక్కన లారీ హారన్ కూడా వినపడదు. నేను స్కూటర్ వెనుక కూర్చున్నాను. ములుగు రోడ్డు ఎక్కాక ఆయనే గాలికి గొంతు పెంచి చెప్పాడు. "అవి పంపు సెల్లులు బిడ్డా. నిదానంగ ఇయ్యమంటే దినమంత ఇస్తయి. లావు తీగ ఒక్కసారే గుంజుతది. నువ్వు దానికి బలం రెట్టింపు చేసినవ్, గుంజుడు రెట్టింపైంది. ఆపెటోడు లేడు. సెల్లు ఉబ్బుతది, పగుల్తది." పంపైతే వీపు మీద ఉంటుంది, మధ్యలో మందు డబ్బా అడ్డం ఉంటుంది. ఇది నోటి దగ్గర పెట్టుకునే వస్తువు. మా వాడి పెదవులు, కళ్లు, మొన్ననే మీసం కత్తిరించుకుని అద్దంలో చూసుకున్న ఆ ముఖం నా కళ్ల ముందు తిరుగుతూనే ఉంది. పన్నెండుసార్లు ఫోన్ చేశాను. మేడారంలో బెల్లాన్నే బంగారం అంటాం కదా, వాడి నిలువెత్తు బంగారం ఇస్తానమ్మా, వాణ్ని నాకు ముఖంతో సహా చూపించమ్మా అని మొక్కాను. స్కూటర్ మీద దండం పెట్టడానికి లేక చాచా చొక్కా పట్టుకునే మొక్కాను.

గూడెప్పాడ్ చౌరస్తా దగ్గర చాయ్ డబ్బా ముందు వాడి ట్రాలీ కనిపించింది. ఎరువు బస్తాలు ఉన్నాయి, ముందు సీటు ఖాళీగా ఉంది. దిగి రెండడుగులు వేశానో లేదో, బండి చాటు నుంచి టక్ టక్ మని చప్పుడు వినిపించింది. మా సమ్మయ్య బల్ల మీద కూర్చుని, ఆ డబ్బాను బల్లకేసి కొడుతున్నాడు. నన్ను చూడగానే గయ్యిమని లేచాడు.

"అచ్చినవా అక్కా! మంచిగ చేసినవ్ పో. ఇరవైసార్లు నొక్కిన, ఒక్క పొగ రాలె. ఇంతకుముందు సన్నగనన్న అచ్చేది. నీ పని దండుగ!"

నేను వాడి ముఖం రెండు చేతులతో పట్టుకుని చూస్తుండిపోయాను. కళ్లు రెండు, పెదవులు రెండు, కోపం బోలెడంత. చాచా ఆ డబ్బాను చేతిరుమాలుతో పట్టుకుని, మూత తీసి, లోపలికి చూశాడు. తర్వాత బల్ల మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టాడు. కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. రెండు సెల్లులూ తల పైకే ఉన్నాయి. ఇన్నాళ్లు ఎట్లా పెట్టాడో అలవాటుగా అట్లాగే పెట్టేశాడు. వరుసలో కట్టినప్పుడు రెండూ ఒకే వైపు తల పెడితే ఒకదాని బలాన్ని ఇంకొకటి కొట్టేస్తుంది, తీగకు ఏమీ మిగలదు.

"అల్లా నీకు మతిమరుపిచ్చి కాపాడిండురా" అన్నాడు చాచా.

"ఏంది చాచా, తిడతానవా?"

"లేదు బిడ్డా. దువా చేస్తాన."

అప్పుడు వాడికి సంగతి చెప్పాము. వాడి ముఖం పాలిపోయింది. కాసేపటికి తేరుకుని, "అయితే మళ్ల ముందటి లెక్కనే పక్కపక్కకు మార్చు చాచా" అన్నాడు. చాచా రెండు చాయ్ గ్లాసులు ముందు పెట్టుకున్నాడు. "ఇను. పక్కపక్కన పెడితే ఇద్దరు మనుషులు చెరో కొస పట్టుకొని మంచం మోసినట్టు. బరువు సగం సగం. చౌకీదార్ లేని డబ్బాకు రెండింట్ల అదే నయం. ఒకరి భుజం మీద ఒకరు ఎక్కినట్టు వరుసగ పెడితే ఎత్తు వస్తది, బరువు మాత్రం పంచుకోరు. ఇద్దరి మీద మొత్తం బరువు పడ్తది. గని పక్కపక్కన పెట్టినదాంట్ల గూడ ఒకటుంది. ఇయ్యాల నువ్వు చేసినట్టు తలలు తారుమారు చేసినవనుకో, బటన్ నొక్కేదాక ఆగదు. మూత పెట్టంగనే ఒకదాని కరెంటు ఇంకోదాంట్ల దుంకుతది. ఆ పెట్టె నీ చొక్కా జేబుల ఉంటది." సమ్మయ్య తెలియకుండానే చొక్కా జేబు మీద చెయ్యి పెట్టుకున్నాడు. "మరి నా అసొంటోనికి ఏది మంచిది?" అని అడిగాడు. "నీ మతిమరుపుకు, గీ పంపు సెల్లులకు, ఏదీ వద్దు" అన్నాడు చాచా.

వాడు తల దించుకున్నాడు. "దగ్గు తగ్గుతదనే తెచ్చుకున్న చాచా. రాత్రి పూట పిల్లలు భయపడతాండ్రు" అన్నాడు. ఆ మాటకు నాకు వాడి మీదున్న కోపం కూడా పోయింది. చాచా వాడి వీపు నిమిరాడు. "మరి దవాఖానకు పోదాం పా. సోమవారం నేను గూడ వస్త, నాకు బీపీ చూపిచ్చుకునేదున్నది" అన్నాడు. నిజంగానే పోయారు ఇద్దరూ. సిగరెట్లు ఒక్కరోజులో మానలేదు. మందులు వాడి, మానడం, మళ్లీ మొదలుపెట్టడం, ఇంట్లో తిట్లు తినడం అన్నీ అయ్యాక ఇప్పుడు ఏడాదిన్నరగా ముట్టలేదు. ఆ డబ్బాలో మా మరదలు జాకెట్ల హుక్కులు వేసుకుంటోంది.

తిరిగి వస్తుంటే దారిలో నాకు ఏడుపు ఆగలేదు, రైతెవరో తీసుకుపోయాడని చెప్పబోయిన సంగతి కూడా చెప్పేశాను. చాచా స్కూటర్ పక్కకు ఆపాడు. షాపుకు ఇక రావద్దంటాడేమో అనుకున్నాను. ఆయన కళ్లద్దాలు తీసి ఎడమ కనుబొమ్మ చూపించాడు. సగం దాకా వెంట్రుకలు లేవు. "మా ఉస్తాద్ దగ్గర చేరిన కొత్తల ఒక బ్యాటరీ తప్పు కట్టిన. తెలిసినంక గూడ నోరు మూసుకున్న, ఏం కాదులే అని. పొద్దుగాల్ల అది నా ముందట్నే పేలింది. నా మీదనే పేలింది గాబట్టి మంచిదే. ఇంకొకరి మీదయితే ఆ పాపానికి మళ్ల గీ పని ముట్టెటోన్ని గాదు" అన్నాడు. కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుని, "నువ్వు రైతెవడో తీస్కపోయిండంటే నేను చాయ్ చెప్పి కూసునేటోన్ని. జర సేపైనంక మీ వాడు ఆ సెల్లులు తిప్పి పెట్టేటోడు" అన్నాడు. అంతకు మించి ఆ సంగతి ఆయన ఎప్పుడూ ఎత్తలేదు, ఎవరి దగ్గరా నన్ను చిన్నబుచ్చలేదు. మర్నాడు నేను పోయేసరికి ఆ నాలుగు సెల్లులూ మళ్లీ జతలుగా ట్రేలో ఉన్నాయి. పంపులు పట్టుకుని ఇద్దరు రైతులు ఎదురుచూస్తున్నారు. "ఆలస్యమైంది, కూసో" అన్నాడు, అంతే.

చాచా పోయి మూడేళ్లవుతోంది. నేను ఇప్పుడు మా ఇంటి ముందటి గదిలోనే బల్ల వేసుకుని పంపులు బాగుచేస్తున్నాను. మొన్నీమధ్య మరిపెడ నుంచి వచ్చిన రైతు బ్యాటరీ కట్టించుకుని పోయాక, బల్ల మీద ఒక ఆకుపచ్చ బోర్డు మిగిలి ఉండడం చూశాను. అతికించడం మర్చిపోయాను. ఆ బోర్డు చేతిలో పట్టుకునే ఫోన్ చేసి, "అన్నా, తప్పు నాదే. పంపు ఆన్ చెయ్యకు, నేనే వచ్చి సరిచేస్త" అన్నాను. ఆయన బస్సు దిగి చేనుకు పోతున్నాడట. పావుగంట తిట్టాడు. ఆ తిట్లు వింటున్నంతసేపూ, నిజం చెబుతున్నాను, నాకు ఎవరో వేడి నీళ్లతో కాళ్లు కడుగుతున్నంత హాయిగా ఉంది. తిడుతున్నాడంటే మనిషి బాగున్నట్టే కదా. తప్పులు చేయకుండా ఉండడం ఇన్నేళ్లకు కూడా నాకు రాలేదు. చేసింది వెంటనే చెప్పేయడం మాత్రం చాచా ఆ ఒక్క మధ్యాహ్నంలో నా లోపల పెట్టి పోయాడు.

నిన్న సమ్మయ్య వచ్చి అన్నం తిని పోయాడు. వాడి పెళ్లాం వంటకు ఒళ్లు చేశాడు. "వచ్చే జాతరకన్నా నా బంగారం బాకీ తీర్చక్కా, తల్లులు నన్ను అడుగుతాండ్రు" అని ఎగతాళి చేశాడు. "ఇంకో పది కిలోలు తగ్గి రా, తీరుస్త" అన్నాను. వాడు నవ్వుతూ చెయ్యి కడుక్కుంటుంటే ఆ పది వేళ్లనూ, నీళ్లు చిమ్మితే చిట్లించిన ఆ రెండు కళ్లనూ దొంగచాటుగా ఒకసారి చూసుకున్నాను. మీ ఇంట్లో కూడా బయటికి పోయిన వాళ్లందరూ పోయినట్టే నిండు చేతులతో, నిండు కళ్లతో తిరిగి రావాలి. మీ గుమ్మంలో చెప్పులన్నీ సాయంత్రానికి లెక్క సరిపోవాలి. తప్పు చేసిన వాళ్లు మీ దగ్గర భయం లేకుండా నోరు తెరవాలి. మీ పొయ్యి, మీ దీపం, మీ పిల్లలు చల్లగా ఉండాలి.